బర్చెన్ దండలో ఆకులున్నాయా?

పొద్దుతిరుగుడు: డిగ్రీలో చదివిన ఇంగ్లిష్ పద్యపాదం ఒకటి పొద్దున్నుంచి వదలడం లేదు. ఎవరి తలకో ‘బర్చెన్ గార్లండ్’, అంటే బర్చ్ చెట్టు దండ. ఇంగ్లిష్ కవి కీట్స్‌దేనా? ఆకుల దండా, పుల్లల దండా?

పెరటిమొక్క: కీట్స్ 1819 నాటి నైటింగేల్ పద్యంలో ఉన్నది ‘బీచెన్ గ్రీన్’, అంటే బీచ్ చెట్టు పచ్చదనం అండీ. చెట్టే వేరు.

గంటం: ఇది ఇంగ్లిష్ కవి పోప్‌ది. ఆయన వ్యంగ్య కావ్యం డన్సియడ్ నాలుగో భాగం, 1742. ‘హిజ్ బీవర్డ్ బ్రౌ ఎ బర్చెన్ గార్లండ్ వేర్స్’, అంటే బీవర్ టోపీ పెట్టిన నుదుటికి బర్చ్ దండ. లేచిన దయ్యం బడిపంతులు. పై పాదంలో చేతిలో బెత్తం, కింది పాదంలో దండ నుంచి పసివాళ్ల నెత్తురు, తల్లుల కన్నీళ్లు కారుతుంటాయి. అప్పటి ఇంగ్లండు బడుల్లో బర్చ్ రెమ్మల కట్టతోనే కొట్టేవాళ్లు. ఆకుల ప్రసక్తే లేదు.

పెరటిమొక్క: గంటం గారూ, కవుల తలకు గౌరవంగా పెట్టే లారెల్ ఆకుల దండను వెక్కిరించాలంటే ఆకులు ఉండి తీరాలి. వట్టి పుల్లలైతే దెబ్బ సగం పోతుంది.

తాటాకు: నాకు బర్చెన్ చివర ఉన్న ఆ ‘ఎన్’ మీదే పట్టుదల. ‘బర్చ్ గార్లండ్’ అంటే ఒక అక్షరం తగ్గి పాదం కుంటుతుంది. ఛందస్సు కోసం వేసిందే. వుడెన్, ఉలెన్ నిలిచాయి, ఓకెన్, బర్చెన్ పాతబడ్డాయి. మన టేకు తలుపు, మట్టి కుండల్లాగా ఇంగ్లిష్ వాళ్లూ ఇప్పుడు చెట్టు పేరునే ముందు పెట్టుకుంటున్నారు.

గంటం: ఛందస్సుకే అయితే రెండక్షరాల విశేషణాలు బోలెడు. ఏ కర్రో చెప్పాలనే ఆ మాట. వడుగులో పట్టే కర్ర గురించి మనువు ‘బ్రాహ్మణో బైల్వపాలాశౌ’ అన్నాడు చూడండి. బిల్వం బైల్వమైంది, పలాశం పాలాశమైంది. వడుగులో మోదుగ దండం అందుకే. బర్చ్‌ని సంస్కృతంలో భూర్జం అంటారు, ఆ లెక్కన బర్చెన్‌కి ‘భౌర్జ’ అనాలి.

పెరటిమొక్క: భౌర్జ ఎవరి నోట పలుకుతుందండీ! బర్చ్, భూర్జ ఒక మూలం నుంచి వచ్చినవే, భూర్జ చాలు. కాళిదాసు కుమారసంభవంలో ‘న్యస్తాక్షరా ధాతురసేన యత్ర భూర్జత్వచః కుంజరబిందుశోణాః’ అన్నాడు. విద్యాధర స్త్రీలు జేగురు లాంటి రంగుతో ఆ బెరడు మీద ప్రేమలేఖలు రాసుకుంటారు. ఏనుగు చుక్కల్లాంటి ఆ ఎరుపు బెరడుది, ఎంత బాగా చూశాడో!

తాటాకు: ఎరుపు బెరడుది కాదు, అక్షరాలది. హిమాలయ భూర్జం బెరడు కాగితంలా పొరలు పొరలుగా ఊడుతుంది, దాని మీద ఉండేవి అడ్డగీతలు. చుక్కలెక్కడివి? మన మెదక్ వైపు కొలిచెలమకు చెందిన కాళిదాసు వ్యాఖ్యాత మల్లినాథుడు కూడా ఆ బిందువులంటే వయసొచ్చిన ఏనుగు ఒంటి మీద తేలే పద్మకాలనే చుక్కలన్నాడు.

పెరటిమొక్క: మల్లినాథుడు ఏనుగు సంగతి చెప్పాడు సరే. ‘శోణాః’ (ఎర్రనివి) మాత్రం ‘త్వచః’ (బెరడులు)కే విశేషణం, అక్షరాలకు కాదు. విభక్తి చూడండి.

తాటాకు: ‘న్యస్తాక్షరాః’ (అక్షరాలు రాసినవి) కూడా త్వచఃకే కదండీ! అక్షరాలు పడ్డాకే ఆ బెరడు ఎర్రనైంది.