అప్‌డేట్: మా టామీ అన్నం ముట్టకపోవడానికి కారణం పిడుదుల జ్వరం

ఉగాది వారంలో మా నాలుగేళ్ల లాబ్రడార్ టామీ రెండు రోజులుగా పెరుగన్నం కూడా ముట్టడం లేదని, ఎండదెబ్బా, వేపపూత పడలేదా అని ఇక్కడ అడిగాను. రెండూ కాదు.

"చెవి మడతలు, కాలివేళ్ల సందులు చూడండి, రక్తపరీక్ష చేయించండి" అన్నవారికి దండాలు. వెనకకాలి వేళ్ల మధ్య శనగగింజంత పిడుదు (మా అమ్మ గోమారి అంటుంది) రక్తం తాగి బూడిదరంగులో ఉబ్బి ఉంది. డాక్టరుగారు పెదవి ఎత్తి పాలిపోయిన చిగుళ్లు చూపిస్తే నాకు కాళ్లాడలేదు. ప్లేట్‌లెట్లు 48 వేలే. 2 లక్షలకు పైనే ఉండాలట. ఎర్లీకియా, అంటే పిడుదు కాటుతో సోకే జ్వరం అని తేలింది.

డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ 28 రోజులు, తిండి పెట్టాకే. మూడోరోజుకే గిన్నె నాకేశాడు, అయినా మందు ఆపలేదు. నిన్నటి పరీక్షలో 2.3 లక్షలు!

తిండి మార్చడం, షాంపూ మార్చడం వల్ల ఒరిగిందేమీ లేదు. అసలు పని ఇంట్లోనే ఉంది. ఈ పిడుదులు గోడ పగుళ్లలో గుడ్లు పెడతాయి. వాడు పడుకునే మెట్లకింద సందులన్నీ సిమెంటుతో పూడ్చాం, పక్కబట్టలు మరిగే నీళ్లలో ఉడకబెట్టాం. పిడుదుల మందు ఇక నెలనెలా వేయిస్తాం.