వియన్నాకు పిల్లలతో ఏ నెలలో వెళ్లడం మేలు?

ప్రశ్న (హైదరాబాద్ నుండి): తొమ్మిదేళ్ల అమ్మాయి, నాలుగేళ్ల అబ్బాయి, మా అత్తగారు, మేమిద్దరం కలిసి ఒక వారం వియన్నాలో ఉండి రావాలని అనుకుంటున్నాము. ఊళ్లు మారే ఉద్దేశం లేదు. బడి సెలవులను బట్టి చూస్తే వేసవి, దసరా, డిసెంబరు చివరి వారం మాత్రమే మాకు వీలవుతాయి. ట్రావెల్ ఏజెంటు క్రిస్మస్ సంతల కోసం డిసెంబరులో వెళ్లమంటున్నారు. బంధువులేమో బడికి నాలుగు రోజులు సెలవు పెట్టించి అయినా జూలైలోనే వెళ్లమంటున్నారు. అక్కడ ఉన్నవారు, పిల్లలతో వెళ్లి వచ్చినవారు దయచేసి సలహా ఇవ్వగలరు.

జవాబు (వియన్నాలో నివాసం, ఇద్దరు పిల్లల తల్లి): మీరు మే మూడో వారం దాటాక బయలుదేరి, మన బడులు తెరిచేలోపు, అంటే జూన్ మొదటి వారంలో తిరిగి చేరుకునేటట్లు చూసుకోండి. వాతావరణం ఒక్కటే చూసి ఈ మాట చెప్పడం లేదు. ఇక్కడి బడులకు వేసవి సెలవులు జూలై మొదట్లో మొదలై సెప్టెంబరు మొదటి రోజుల దాకా సాగుతాయి. అందువల్ల మనకు సెలవులుండి ఇక్కడివారికి లేని రోజులు ఏడాది మొత్తంలో మే, జూన్ నెలల్లోనే ఎక్కువగా దొరుకుతాయి. ఆ రోజుల్లో పగటి వేడి సాధారణంగా 20 డిగ్రీలకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. సూర్యుడు ఉదయం ఐదు గంటల ప్రాంతంలోనే ఉదయించి, రాత్రి ఎనిమిదిన్నర దాటాక అస్తమిస్తాడు.

ఈ ఉదయపు వెలుగు గురించి ఎవరూ పెద్దగా చెప్పరు కాని, చిన్న పిల్లలున్నవారికి అన్నిటికన్నా ముఖ్యం అదే. ఆ కాలంలో వియన్నా మనకంటే మూడున్నర గంటలు వెనుక ఉంటుంది కనుక, హైదరాబాద్‌లో ఏడున్నరకు లేచే పిల్లవాడు ఇక్కడ తెల్లవారుజామున నాలుగింటికే లేచి కూర్చుంటాడు. డిసెంబరులో తేడా నాలుగున్నర గంటలు, పైగా ఏడున్నర దాటితే కాని తెల్లవారదు. ఆ చీకట్లో హోటల్ గదిలో నాలుగేళ్ల బాబును ఎంతసేపు ఆడించగలరో మీరే ఆలోచించండి. మే చివరలో అయితే పాలు తాగించి, ఆరున్నరకు తెరిచే షోన్‌బ్రున్ రాజభవనపు ఉద్యానవనానికి తీసుకువెళ్లిపోవచ్చు. అదే ఆవరణలో 1752లో మొదలై నేటికీ నడుస్తున్న జంతుప్రదర్శనశాల ఉంది. అది తెరిచే సమయానికి గేటు దగ్గర ఉంటే, మధ్యాహ్నం గుంపులు వచ్చేసరికి మీరు చూడటం పూర్తిచేసి భోజనానికి వెళ్లవచ్చు.

వాన సంగతి మాత్రం దాచకుండా చెప్పాలి. మే, జూన్‌లలో సాయంత్రం ఉరుములతో జల్లులు పడటం మామూలే. మే నడుమ ‘ఐస్‌హైలిగెన్’ అని కొన్ని చలి రోజులు వస్తాయని, అవి దాటేదాకా నారు బయట నాటరాదని ఇక్కడి పెద్దలు నమ్ముతారు. మనవాళ్లు రోహిణి కార్తె గురించి చెప్పుకున్నట్టే ఉంటుంది. నేను మూడో వారం దాటాక రమ్మన్నది ఇందుకే. మీరు రోహిణి ఎండల్లోంచి నేరుగా వచ్చి దిగుతారు కనుక, అందరికీ ఒక్కొక్క స్వెటరు, వాన కోటు చేతి సంచిలోనే ఉంచండి. వాన పడిన రోజున ప్రకృతి చరిత్ర మ్యూజియానికి వెళ్లండి. డైనోసార్ల గదిలో పిల్లలకు పొద్దు తెలియదు, 19 ఏళ్లలోపు వారికి టికెట్టు లేదు. మంగళవారం సెలవు.

జవాబు (రెండేళ్ల క్రితం కుటుంబంతో వెళ్లి వచ్చినవారు): పై సలహాను గౌరవిస్తూనే డిసెంబరు తరఫున ఒక మాట చెబుతాను. నగరపాలక భవనం (సిటీ హాల్) ముందరి క్రిస్మస్ సంతలో దీపాలు, రంగులరాట్నం చూసిన మా పిల్లలు ఇప్పటికీ ఆ మాటే చెప్పుకుంటారు. నాలుగింటికే చీకటి పడటం వల్ల దీపాల కోసం రాత్రి దాకా మేలుకోవలసిన అవసరం కూడా ఉండదు.

జవాబు (మొదటి సభ్యురాలు): చాలా నిజం, అయితే తేదీలు చూడండి. ఆ సంత నవంబరు నడుమ మొదలై డిసెంబరు 26తో ముగిసిపోతుంది. ప్రశ్న అడిగినవారికి సెలవులు చివరి వారంలో కనుక, వారు దిగే వేళకు దుకాణాలు విప్పేస్తూ ఉంటారు. షోన్‌బ్రున్ ముందరి సంత ఇటీవలి ఏళ్లలో కొత్త సంవత్సరం దాటేదాకా ఉంటున్నది కాని, ఆ ఒక్కదాని కోసం పెద్దావిడను సున్నా డిగ్రీల చలిలో నిలబెట్టమని నేను చెప్పలేను. పైగా వియన్నాలో డిసెంబరులో మంచు పడుతుందన్న హామీ లేదు, మబ్బు మాత్రం తప్పకుండా ఉంటుంది. డిసెంబరు మొదటి పక్షంలో రాగలిగిన వారికైతే నేనూ మీ మాటే చెబుతాను.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలు. జూలై, దసరాల గురించి కూడా ఒక మాట చెబుతారా? వీసాకు ఎప్పుడు దరఖాస్తు చేయాలి?

జవాబు (మొదటి సభ్యురాలు): జూలై వద్దు. కొన్ని రోజులు 35 డిగ్రీలు దాటుతున్నది, పాత భవనాల్లోని చాలా అద్దె ఇళ్లకు ఏసీ ఉండదు. ఇక్కడి చర్చిలో ఆదివారం ప్రార్థనలో పాడే ప్రసిద్ధ వియన్నా బాలగాయక బృందానికి కూడా జూలై, ఆగస్టులు విరామమే. దసరా రెండో ఎంపికగా బాగుంటుంది కాని, ఆ పండుగ సెప్టెంబరు చివర పడిందా, అక్టోబరు మూడో వారంలో పడిందా అన్నదానిని బట్టి చలిలోనూ పగటి నిడివిలోనూ చాలా తేడా వస్తుంది.

జవాబు (వీసా పనులు తెలిసిన సభ్యుడు): ఆస్ట్రియాకు కావలసిన షెంగెన్ వీసాకు (ఐరోపాలోని చాలా దేశాలకు ఉమ్మడిగా చెల్లే వీసా) ప్రయాణానికి ఆరు నెలల ముందు నుండి దరఖాస్తు చేయవచ్చు. మే ప్రయాణానికి వేసవి రద్దీ మొదలుకాకముందే, ఫిబ్రవరిలో స్లాటు తీసుకోండి. 2024 జూన్ నుండి పెద్దలకు రుసుము 90 యూరోలు, మీ అమ్మాయికి 45, ఆరేళ్లలోపు కనుక బాబుకు లేదు. సేవా కేంద్రం వారు తీసుకునే చార్జీ వేరు. పన్నెండేళ్లలోపు పిల్లలకు వేలిముద్రలు తీసుకోరు.

జవాబు (మొదటి సభ్యురాలు): తేదీలు ఖాయం చేసేముందు ఇక్కడి పండుగలు చూసుకోండి. ఈస్టర్ తరువాత ఏడు వారాలకు వచ్చే పెంతెకొస్తు సోమవారం మే, జూన్‌లలోనే పడుతుంది. ఆదివారం ఎలాగూ దుకాణాలు మూసే ఉంటాయి, ఆ సోమవారం కూడా తెరవరు. కనుక పాలు, పెరుగు, రొట్టె శనివారం సాయంత్రం ఆరు లోపే కొనిపెట్టుకోండి. నీళ్ల సీసాలు మాత్రం కొనవద్దు. ఇక్కడి కుళాయిల్లోకి ఆల్ప్స్ ఊటల నీరే వస్తుంది.