క్వాంటమ్ కంప్యూటర్ వస్తే మన టోకెన్లు గోవిందా?

@ఉప్పల్‌లైన్:
నా దగ్గర కొంచెం బిట్‌కాయిన్, అంతకంటే ఎక్కువగా ఎథీరియం మీద నడిచే టోకెన్లు ఉన్నాయి. అమరావతికి ఐబీఎం వాళ్ల 156 క్యూబిట్ల (క్వాంటమ్ లెక్కలకి మూల యూనిట్లు) క్వాంటమ్ మెషీన్ వస్తోందన్న వార్త చదివిన దగ్గర్నుంచి మా బావమరిది ఒకటే గోల, అది ఆన్ అయిన రోజే నీ వాలెట్ ఖాళీ, ఇప్పుడే అమ్మెయ్ అని. అమ్మితే లాభం మీద 30 శాతం పన్ను, అదో టెన్షన్. అసలు బద్దలయ్యేది ఏది? హార్డ్‌వేర్ వాలెట్‌లో, అదే కీ దాచే చిన్న పరికరంలో, పెట్టుకుంటే సరిపోతుందా?

@రాత్రిషిఫ్ట్:
156తో ఏమీ కాదని మీ బావమరిదికి చెప్పండి. బిట్‌కాయిన్, ఎథీరియం రెండూ వాడేది 256 బిట్ల ఎలిప్టిక్ కర్వ్ సంతకం, అంటే పంపేది మీరేనని గణితంతో రుజువు చేసే డిజిటల్ సంతకం. దాన్ని విప్పడానికి 2017లో మైక్రోసాఫ్ట్ పరిశోధకులు వేసిన లెక్క సుమారు 2,330 లాజికల్ క్యూబిట్లు, అంటే తప్పుల్ని తామే దిద్దుకునేవి, అలాంటిది ఒక్కటి నిలబడాలంటే వెనక వందలు, వేల మామూలు క్యూబిట్లు పనిచేయాలి. అలాగని గుండె మీద చెయ్యేసుకుని పడుకోమనడం లేదు. ఇంకో రకం తాళం, వెబ్‌సైట్లు వాడే ఆర్‌ఎస్‌ఏ-2048 విప్పడానికి 2019లో 2 కోట్ల క్యూబిట్లు కావాలన్న గూగుల్ పరిశోధకుడు క్రెయిగ్ గిడ్నీయే 2025 మేలో 10 లక్షల లోపు చాలన్నాడు. మెషీన్లు పెరుగుతున్నాయి, కావలసిన సంఖ్య తగ్గుతోంది, నాకు భయం ఈ రెండోదాంతోనే.

బద్దలయ్యేది బ్లాక్‌చెయిన్ కాదు, సంతకం. పబ్లిక్ కీ (సంతకాన్ని సరిచూసేది) కనిపిస్తే దాన్నుంచి ప్రైవేట్ కీ (సంతకం పెట్టే రహస్యం) లాగే పద్ధతిని గణిత శాస్త్రవేత్త పీటర్ షోర్ 1994లోనే కనిపెట్టాడు, నడిపే మెషీనే ఇంకా లేదు. ఎస్‌హెచ్‌ఏ-256 లాంటి హాష్‌లకు, అంటే వెనక్కి తిప్పలేని వేలిముద్రల్లాంటివాటికి, ఆ స్థాయి దెబ్బ తగలదు. కాబట్టి చూసుకోవాల్సింది మీ పబ్లిక్ కీ బయటపడిందా లేదా అని. 1తో గానీ bc1qతో గానీ మొదలయ్యే బిట్‌కాయిన్ అడ్రస్‌లో ఉండేది కీ హాష్ మాత్రమే, అందులోంచి ఒకసారి ఖర్చు పెడితేనే కీ బయటకొస్తుంది. 2021లో వచ్చిన ట్యాప్‌రూట్, అదే bc1p అడ్రస్‌లో మాత్రం కీ మొదటి నుంచీ బయటే. 2009, 2010 నాటి పాత కాయిన్లదీ, బిట్‌కాయిన్ సృష్టికర్త సతోషీవి అనుకునేవాటితో సహా, ఇదే పరిస్థితి. హార్డ్‌వేర్ వాలెట్ మీ కంప్యూటర్‌లోని వైరస్ నుంచి కాపాడుతుంది గానీ చెయిన్ మీద ఉన్న కీని దాచలేదు.

@డల్లాస్‌తెలుగోడు:
పైన చెప్పింది కాయిన్ల సంగతి. టోకెన్ల కథ ఇంకో మెట్టు ఎక్కువ, దాన్నెవరూ పట్టించుకోరు. ఎథీరియంలో మీరు ఒక్క ట్రాన్సాక్షన్ పంపినా ఆ సంతకం నుంచే పబ్లిక్ కీ లెక్కగట్టొచ్చు, మనలో చాలామందిది ఎప్పుడో బయటపడిపోయింది. పైగా టోకెన్ మీ వాలెట్‌లో ఉండదు, కిరాణా కొట్టు ఖాతా పుస్తకంలో మీ పేరు మీద రాసిన పద్దులాగా కాంట్రాక్ట్‌లో, అంటే ఎథీరియం మీద నడిచే ప్రోగ్రామ్‌లో, ఉంటుంది. ఆ పుస్తకానికి ఓనర్ ఉండి, కొత్త టోకెన్లు ముద్రించే హక్కో కోడ్ మార్చే హక్కో అతనికి ఉంటే, దొంగకి మీ కీతో పనేముంది? ఓనర్ కీ దొరికితే చాలు. ఎథీరియం లావాదేవీలు చూపించే ఈథర్‌స్కాన్ సైట్‌లో టోకెన్ కాంట్రాక్ట్ తెరిచి, రీడ్ కాంట్రాక్ట్ నొక్కి, ఓనర్ అన్న వరుస చూడండి. అక్కడున్నది మామూలు అకౌంట్ అయి, దాన్నుంచి ట్రాన్సాక్షన్లు వెళ్లి ఉంటే ఆ కీ కూడా బయటే ఉన్నట్టు.

@కోడ్‌పిచ్చోడు:
బాబూ, 2024 జులైలో వజీర్‌ఎక్స్ ఎక్స్ఛేంజ్ నుంచి దాదాపు 23 కోట్ల డాలర్లు పోయాయి, ఏ క్వాంటమూ లేకుండానే. ఈ భయం పెరిగేకొద్దీ "క్వాంటమ్ సేఫ్ వాలెట్‌కి మారండి, మీ వాలెట్ తెరిచే 12 రహస్య పదాలు ఇక్కడ కొట్టండి" అనే మెసేజ్‌లు వస్తాయి. షోర్ కంటే ముందు వాళ్లే మీ ఇంటికొస్తారు, జాగ్రత్త.

@ఉప్పల్‌లైన్:
సరే అన్నా, మరి ఇప్పుడు నేను చేయాల్సింది ఏంటి?

@రాత్రిషిఫ్ట్:
బిట్‌కాయిన్‌ని ఒక్కసారి కూడా ఖర్చు పెట్టని కొత్త bc1q అడ్రస్‌కి పంపుకోండి, మళ్లీ అదే అడ్రస్ వాడకండి. మీ వాలెట్ నుంచి మీ వాలెట్‌కే కాబట్టి అది అమ్మకం కాదు, రికార్డు మాత్రం ఉంచుకోండి. మిగతాది నెట్‌వర్క్ చేయాలి. 2024 ఆగస్టులో అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ క్వాంటమ్‌ని తట్టుకునే కొత్త సంతకాల ప్రమాణాలు ఇచ్చేసింది, చిక్కల్లా సైజుతోనే, ఇప్పుడు 64 బైట్లలో అయిపోయే సంతకం, ఆ కొత్తవాటిలో ఒకటైన ఎంఎల్-డీఎస్‌ఏలో చిన్న రకానికే 2,420 బైట్లు. ఒక బ్లాక్‌లో ఎన్ని పడతాయి, ఫీజు ఎంతవుతుంది? దీనికితోడు ఎవరూ కదపని పాత కాయిన్లని స్తంభింపజేయాలా, దొంగలకి వదిలేయాలా అని తన్నుకుంటున్నారు. లెక్కలు తేలినా ఈ పంచాయితీ ఇప్పట్లో తేలదని నా అనుమానం.

@ఉప్పల్‌లైన్:
ఇప్పుడే చూశా, నా టోకెన్ ఒకదానికి ఓనర్ దగ్గర అన్నీ సున్నాలే ఉన్నాయి. మంచిదేనా?

@డల్లాస్‌తెలుగోడు:
ఓనర్‌షిప్ వదిలేశారన్నమాట, ఆ దారి చాలావరకు మూసుకున్నట్టే. కానీ అప్పుడు కోడ్ మార్చే ఓనర్ కూడా లేనట్టే. అందులో పర్మిట్ అనే ఫంక్షన్, అంటే సంతకం చూపిస్తే చాలు టోకెన్లు వాడుకోనిచ్చేది, ఉందేమో చూడండి. ఉంటే కాంట్రాక్టే పాత రకం సంతకాన్ని సరిచూసుకుంటుంది, రేపు ఎథీరియం మొత్తం కొత్త సంతకాలకి మారినా అది మారదు. అప్పుడు ఆ టోకెన్లని కొత్త అడ్రస్‌కి మీరే తరలించుకోవాలి.