నలభై ఏళ్ల తరవాత సహాధ్యాయులు: ఏడాదికొక సమ్మేళనం చాలా, ఇంకేమైనా చేయవచ్చా?

కాజీపేట కూడలి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. వరంగల్లు ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాల సివిల్ విభాగంలో 1985లో పట్టా పుచ్చుకున్న వారిలో నేనొకణ్ణి. 2002లో ఆ కళాశాల ఎన్‌ఐటీగా మారిందన్న సంగతి మీకు తెలిసిందే. ఆ రోజుల్లో అక్కడ సగం సీట్లు మన రాష్ట్రం వారికి, తక్కిన సగం ఇతర రాష్ట్రాల వారికి కేటాయించేవారు కనుక, మా తరగతిలో కరీంనగర్, భీమవరం కుర్రవాళ్ల పక్కనే పాట్నా, కోజికోడ్ నుంచి వచ్చినవారూ కూర్చునేవారు. చదువయ్యాక కొందరు నీటిపారుదల శాఖలో, కొందరు సింగరేణిలో, కొందరు విశాఖ ఉక్కు కర్మాగారంలో చేరారు. మరికొందరు అమెరికా వెళ్లి అక్కడే స్థిరపడ్డారు.

మా ఉద్యోగ విరమణలు అందరికీ ఒక్కసారే రాలేదు. కేంద్ర సంస్థల్లో పనిచేసినవారు 60 నిండగానే బయటికి వచ్చారు, తెలంగాణ ప్రభుత్వంలో ఉన్నవారు 61కి, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంలో ఉన్నవారు 62కి దిగారు, విశ్వవిద్యాలయాల్లో పాఠాలు చెప్పేవారిలో కొందరికి ఇంకా సమయం ఉంది. ఇలా ఒకరి తరవాత ఒకరు ఖాళీ అవుతున్నకొద్దీ మా వాట్సాప్ బృందంలో సందడి పెరిగింది కానీ, అందులో మా మాటలు తగ్గిపోయాయి. పొద్దున లేస్తే శుభోదయాల బొమ్మలు, మధ్యాహ్నం ఎవరో పంపిన వైద్య చిట్కాలు, సాయంత్రానికి రాజకీయాల మీద తగవు, ఆ తగవులో అలిగి ఒకరు వెళ్లిపోవడం, ఆయనను బుజ్జగించి మళ్లీ చేర్చడం, ఇదే కార్యక్రమం. చీఫ్ ఇంజనీరుగా దిగినవారు ఇక్కడా సమీక్షా సమావేశం నడుపుతున్నట్లే మాట్లాడతారు. డిప్యూటీ ఇంజనీరుగానే ఆగిపోయినవారు మౌనంగా చదివి ఊరుకుంటారు.

ఏటా డిసెంబరులో, విదేశాల వారు వచ్చే రోజులు చూసి, ఒక రిసార్టులో సమ్మేళనం జరుపుతున్నాము. దాని ఖర్చు ఏటికేడాది పెరుగుతోంది. రానివారు ఎందుకు రాలేదో చెప్పరు, మేమూ అడగము. అయితే వారిలో ఎక్కువమంది ఇంకా పిల్లల పెళ్లిళ్ల అప్పులు తీర్చుకుంటున్నవారే అని మాలో చాలామందికి తెలుసు. రెండు రోజులు ఒకరినొకరు "ఒరేయ్" అని పిలుచుకుని, ఫొటోలు తీసుకుని, మళ్లీ పన్నెండు నెలలు బొమ్మలు పంపుకోవడంతో నాకు తృప్తి కలగడం లేదు. ఆరోగ్యం ఇంకా సహకరిస్తున్న ఈ పదేళ్లలో కలిసి తిరగడానికి, కలిసి ఏదైనా చేయడానికి, అవసరంలో ఒకరికొకరు నిలబడడానికి ఇతర కళాశాలల వారు ఏ పద్ధతులు పాటిస్తున్నారో తెలుసుకోవాలని ఉంది. మీ అనుభవాలు చెప్పగలరు.

రెసిడెన్సీ మెట్లు

కాజీపేట గారూ, మేము కోఠి మహిళా కళాశాలలో, పాత బ్రిటిష్ రెసిడెన్సీ భవనం ఆవరణలో, మీ కంటె రెండేళ్ల ముందు బీఎస్సీ పూర్తి చేసినవాళ్లము. మీకు లేని చిక్కు ఒకటి మాకు మొదట్లోనే ఎదురైంది. పెళ్లిళ్లతో అందరి ఇంటిపేర్లూ మారిపోయాయి కనుక, పాత పేర్లతో ఎంత వెదికినా ఎవరూ దొరకలేదు. కళాశాల నాటి చిరునామాలు పట్టుకుని పుట్టిళ్లకు వెళ్లి, అన్నదమ్ములను, వదినలను అడిగి, వారి ద్వారా ఒక్కొక్కరి ఫోను నంబరు సంపాదించాము. ఆ వెదుకులాటకు చాలాకాలం పట్టింది కానీ, అందులోనే సగం స్నేహం తిరిగి వచ్చింది.

మేము రిసార్టుల జోలికి పోలేదు. నెలకొకసారి, రెండవ శనివారం ఉదయం పది గంటలకు, మెట్రో స్టేషనుకు నడిచి వెళ్లగలిగినంత దూరంలో ఉన్న ఇల్లో, ఉద్యానవనమో, మామూలు హోటలో చూసుకుని కలుస్తాము. ఎవరికి తోచినది వారు ఇంటి నుంచి చేసి తెస్తారు. ఆతిథ్యమిచ్చే ఇంటివారు టీ, మంచినీళ్లు మాత్రమే ఏర్పాటు చేయాలని గట్టి నియమం పెట్టుకున్నాము, లేకపోతే ఒక ఇంట్లో పది రకాలు వడ్డించగానే తరవాతి ఇంటామెకు గుండెల్లో రాయి పడుతుంది. రెండు గంటలకల్లా అందరమూ బయలుదేరతాము, ఎందుకంటే మాలో చాలామందికి బడి నుంచి వచ్చే మనవలు ఉన్నారు, కొందరికి మంచం పట్టిన అత్తగార్లు ఉన్నారు. ఎంతమంది వచ్చినా, ముగ్గురే వచ్చినా, ఆ రోజు మాత్రం తప్పదు. తేదీ కోసం ఓటింగు పెట్టిన రోజుల్లో మేము ఎప్పుడూ కలవలేదని కూడా చెప్పాలి.

మీ తరగతిలో అమ్మాయిలు కొద్దిమందే ఉండి ఉంటారు. వారు మీ సమ్మేళనానికి వస్తున్నారా? రాకపోతే కార్యక్రమం ఎలా నడుస్తోందో ఒకసారి చూసుకోండి. ఇంజనీరింగు చదివిన మా చెల్లెలు ఒక సంవత్సరం తన తరగతి సమ్మేళనానికి వెళ్లి, రాత్రి ఏడు దాటాక మందు గ్లాసులు తప్ప మరో కార్యక్రమం లేదని గ్రహించి, మళ్లీ వెళ్లలేదు. పగటిపూట ఏదైనా పెట్టి ఉంటే ఆమె తప్పక వెళ్లేది.

సూర్యలంక గాలి

బాపట్ల వ్యవసాయ కళాశాల పూర్వ విద్యార్థిని. వ్యవసాయ శాఖలో పనిచేసి దిగాను. మా వాళ్లలో శాఖాధికారులు, బ్యాంకుల్లో గ్రామీణ రుణాలు చూసినవారు, విత్తనాల కంపెనీల్లో చేరినవారు, అన్నీ వదిలి సొంత పొలం చూసుకుంటున్నవారు ఉన్నారు. అందరి దగ్గరికీ వెళ్లడానికి మాకు ఒక పంటో, ఒక తోటో నెపంగా దొరుకుతుంది. మే నెలలో నూజివీడు వైపు మామిడి తోట ఉన్నవాని ఇంటికి, జనవరిలో సూర్యలంక సముద్ర తీరానికి వెళ్తాము.

కానీ మీకు నేను చెప్పదలచినది వేరు. అరవైలలో ఉన్న మనలో చాలామందికి ఎనభై అయిదు, తొంభై ఏళ్ల తల్లిదండ్రులు ఇంకా ఉన్నారు. వారిని వదిలి రెండు రాత్రులు బయట ఉండడం సాధ్యం కాదు. భార్యకు డయాలసిస్ చేయిస్తున్నవారు, పక్షవాతం వచ్చి తామే కదలలేనివారు కూడా ప్రతి తరగతిలోనూ ఉంటారు. అందుచేత మేము సమ్మేళనాన్ని తిరగవేశాము. ఎవరు కదలలేరో వారి ఊరికే నలుగురైదుగురం వెళ్తాము. ముందుగా ఫోను చేసి, భోజనం బయట చేసే వస్తామని చెప్పి, గంటన్నర కూర్చుని, ఆయన అలసిపోక ముందే లేస్తాము. మా బృందంలో ఉన్న నాయకుడెవరూ ఇందుకు ఆదేశాలివ్వలేదు. గుంటూరులో ఉన్న ఒకడు కారు తీస్తాడు, తక్కినవారం ఎక్కుతాము, అంతే.

ఇంకొక విషయం చెప్పడం కష్టంగానే ఉంది. ఎవరైనా పోయినప్పుడు బృందంలో "ఓం శాంతి" అని నలభై సందేశాలు వస్తాయి. ఆ ఫోనును ఆ ఇంట్లో ఎవరూ తెరవరు. ఆయన భార్య నంబరు మన దగ్గర ఉండదు. అందుకని ప్రతివారి జీవిత భాగస్వామి నంబరు, దగ్గరలో ఉన్న ఒక బంధువు నంబరు, రక్తపు గ్రూపు ఒక కాగితం మీద రాయించి ఇద్దరి దగ్గర ఉంచాము. పదమూడవ రోజు దాటాక, చుట్టాలందరూ వెళ్లిపోయాక, కుటుంబ పింఛను కాగితాలు నింపడానికి ఒకరు వెళ్తారు. ఖజానా కార్యాలయం, బ్యాంకు, బీమా, ఈ మూడు చోట్లా ఏ కాగితం ఎక్కడ ఇవ్వాలో మనకు తెలిసినంతగా ఆమెకు తెలియదు కదా. కేంద్ర పింఛను వచ్చేవారికి నవంబరులో జీవన ప్రమాణ పత్రాన్ని ఫోనులోనే, ముఖ గుర్తింపుతో చేసిపెట్టే పనిని కూడా ఫోను బాగా తెలిసిన మా మిత్రుడు ఒకడు తీసుకున్నాడు. ఆ వంకతో ఏటా అందరి ఇళ్లకూ వెళ్లివస్తాడు, కాఫీలూ తాగుతాడు.

మితభాషి

నాది కొంచెం భిన్నమైన అభిప్రాయం. రానివారిని రప్పించాలన్న పట్టుదల అందరికీ మంచిది కాదు. కళాశాల రోజులు అందరికీ సుఖంగా గడవలేదు. ర్యాగింగుతోనో, కులం పేరు మీద విన్న మాటలతోనో, మెస్ బకాయిల అవమానంతోనో ఆ నాలుగు గోడలను మళ్లీ తలచుకోవడానికి ఇష్టపడనివారు ఉన్నారు. అలాంటివారు బృందంలో లేకపోవడాన్ని అలకగా భావించి ఫోన్ల మీద ఫోన్లు చేయకండి. ఒక్కసారి పిలవండి, తలుపు తెరిచి ఉందని చెప్పండి, ఆగండి.

కాజీపేట కూడలి

ముగ్గురికీ కృతజ్ఞతలు. నెలవారీ కలయిక హైదరాబాదులో ఉన్నవారితో ఈ నెలలోనే మొదలుపెట్టవచ్చుననిపిస్తోంది, భాగస్వాముల నంబర్ల సంగతి నేనే చూస్తాను. మితభాషి గారు చెప్పినది ఆలోచించవలసిన మాట. మా తరగతిలో ఎవరి గురించి అది వర్తిస్తుందో చదవగానే నాకు తోచింది.

రెండు సందేహాలు మిగిలాయి. ఇటీవల పోయిన ఒక మిత్రుని కుటుంబానికి సాయం చేయాలని అందరమూ అనుకుంటున్నాము, అమెరికా వారు ఎక్కువ మొత్తం ఇస్తామంటున్నారు. దీనికి సంఘంగా నమోదు కావాలా? రెండవది, ఫిబ్రవరిలో దంపతులతో కలిసి రైలులో వరంగల్లు వెళ్లి, కళాశాల, రామప్ప చూసి రావాలని ఆలోచన. పెద్ద వయసు వారి బృందానికి టిక్కెట్లు ఎలా తీసుకోవాలి?

డల్లాస్ పెరడు

మొదటి సందేహానికి నాకు తెలిసినంత చెబుతాను, చివరి మాట మాత్రం మీ ఆడిటరుదే.

సంఘం పెట్టదలిస్తే సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 కింద ఏడుగురు సభ్యులతో నమోదు చేయించుకోవచ్చు. కానీ అసలు చిక్కు అక్కడ లేదు. మాలో ఇంకా భారత పాస్‌పోర్టు ఉన్నవారు తమ సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపినది విదేశీ విరాళం కిందకు రాదు. అమెరికా పౌరసత్వం తీసుకుని, భారత సంతతి విదేశీ పౌరులకు ఇచ్చే ఓసీఐ కార్డు మీద వస్తున్నవారు పంపినది మాత్రం విదేశీ విరాళమే అవుతుంది. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద అనుమతి లేని సంఘం దానిని తీసుకోకూడదు. పుట్టిన ఊరు వరంగల్లే అయినా చట్టం చూసేది పాస్‌పోర్టునే. ఈ తేడా తెలియక ఉత్సాహం కొద్దీ సంఘం ఖాతాలో డబ్బు వేయించుకుని తరవాత తల పట్టుకున్నవారిని చూశాను.

ఒక్క కుటుంబానికి సాయం చేయడానికి సంఘం అవసరం లేదు, నేరుగా వారికే ఇవ్వవచ్చు. అయితే ఆదాయపు పన్ను లెక్కలో స్నేహితులు బంధువులు కారు. బంధువులు కానివారి నుంచి ఒక ఆర్థిక సంవత్సరంలో వచ్చిన నగదు కానుకలు మొత్తం కలిపి 50,000 రూపాయలు దాటితే, దాటిన భాగం మాత్రమే కాక మొత్తమంతా పుచ్చుకున్నవారి ఆదాయంగా లెక్కకు వస్తుంది. ఆమెకు వేరే ఆదాయం పెద్దగా లేకపోతే పన్ను పడకపోవచ్చు, కానీ ఆ లెక్క ముందుగా చూసుకుని, పిల్లవాని కళాశాల రుసుము మీరే నేరుగా కట్టడం మేలా, రెండు సంవత్సరాలకు విడగొట్టి ఇవ్వడం మేలా అన్నది ఆడిటరును అడిగి తేల్చుకోండి. అన్నిటి కంటె ముందు ఆమెను అడగండి. కొందరు డబ్బు కంటె పిల్లవానికి ఉద్యోగం విషయంలో దారి చూపమని కోరతారు.

మరొక చిన్న మాట. మీరు అక్కడ నెలనెలా కలిసే రోజున ఒక అరగంట వీడియోలో మమ్మల్ని కూడా కలుపుకోండి. శనివారమైనా ఆదివారమైనా మీకు ఉదయం ఎనిమిది అనుకూలమైతే, మాకు అంతకు ముందు రోజు సాయంత్రమో రాత్రో అవుతుంది. పడమటి తీరం వారికి వేసవిలో 7.30, శీతాకాలంలో 6.30. ఉదయం పది అన్నారంటే తూర్పు తీరంలో ఉన్నవారు నిద్ర ఆపుకుని కూర్చోవాలి. ఇక్కడ పిల్లలు వెళ్లిపోయిన పెద్ద ఇళ్లలో ఇద్దరేసి మిగిలిన మాకు ఆ అరగంట ఎంత విలువైనదో మీరు ఊహించలేరు.

సికింద్రాబాద్ గార్డు పెట్టె

రైల్వేలో పనిచేసి దిగినవాణ్ణి కనుక రెండవ సందేహం నాది.

వృద్ధులకు ఛార్జీలో ఇచ్చే రాయితీని 2020 మార్చిలో ఆపేశారు, కాబట్టి దాని మీద ఆశ పెట్టుకోకండి. కింది బెర్తుల కోటా మాత్రం ఉంది. 60 నిండిన పురుషులకు, 45 నిండిన స్త్రీలకు అది వర్తిస్తుంది. అందరూ చేసే పొరపాటేమిటంటే, ఒకే టిక్కెట్టు మీద ఆరుగురి పేర్లు రాసి, అందరూ పెద్దవారే కదా, కింది బెర్తులు వస్తాయిలే అని ధీమాగా ఉండడం. ఒక టిక్కెట్టు మీద ఒక్కరో ఇద్దరో అర్హులు ఉంటేనే ఆ కోటా పనిచేస్తుంది. ముగ్గురు పెద్దవారున్నా, ఒక పెద్దవారితో చిన్నవారు కలిసినా కంప్యూటరు దానిని పరిగణించదు. కాబట్టి దంపతులకు ఒక్కొక్క టిక్కెట్టు చొప్పున విడివిడిగా తీసుకోండి. బోగీలు వేరైనా పగలు ఒకచోట చేరి మాట్లాడుకోవచ్చు, రాత్రి మాత్రం ఎవరూ పైకి ఎక్కవలసిన పని ఉండదు. ముందస్తు రిజర్వేషను గడువును 2024 నవంబరు నుంచి 120 రోజుల నుంచి 60కి తగ్గించారు కనుక, విశాఖ నుంచి, చెన్నై నుంచి వచ్చేవారికి తేదీ ఇప్పుడే చెప్పి, డిసెంబరులో కిటికీ తెరిచిన రోజునే కొనమనండి. హైదరాబాదు నుంచి వచ్చేవారికి కాజీపేట రెండు గంటల పైచిలుకు ప్రయాణమే, పగటి రైలులో కూర్చునే సీట్లు చాలు.

కళాశాలకు ముందుగా ఉత్తరం రాసి అనుమతి తీసుకోండి, పనిదినాన వెళ్తే తరగతి గదులు కూడా చూడవచ్చు. వేయిస్తంభాల గుడి, భద్రకాళి చెరువు ఊళ్లోనే ఉన్నాయి కనుక మొదటి రోజు సాయంత్రానికి అవి సరిపోతాయి. పాలంపేటలోని రామప్ప గుడికి వెళ్లడానికి దాదాపు గంటన్నర పడుతుంది. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చినప్పటి నుంచి ఆదివారాలు రద్దీ ఎక్కువ. చెప్పులు విడిచి తిరగాలి, ఫిబ్రవరిలో కూడా పదకొండు దాటితే రాతి నేల కాలుతుంది. మోకాళ్ల నొప్పులున్నవారు ఉంటే ఉదయం ఏడుకే హనుమకొండలో బయలుదేరండి, మేజోళ్లు దగ్గర ఉంచుకోమనండి. బస్సు మాట్లాడేటప్పుడు మెట్టు ఎత్తు తక్కువగా ఉన్న బండినే అడగండి, ఎంతమంది వస్తారో తేలగానే ఇక్కడ రాయండి, ఆ మార్గంలో మధ్యాహ్న భోజనానికి మంచి చోటు నేను చెబుతాను.