యాక్సిడెంట్ భయం పోనోళ్లకు గుర్రం పని: ఎట్ల మొదలుపెట్టాలె?

మిర్యాలగూడ నుంచి:
రోడ్డు ప్రమాదం అయినంక చిన్న చప్పుడుకే ఉలిక్కిపడే పిల్లగాడికి గుర్రాన్ని సాకే పని మంచిదంటున్నరు. ఎక్కి తిరగాల్నా? ఇక్కడ బరాత్ గుర్రాలే దొరుకుతయి.

దేవరకొండ నుంచి:
ఎక్కుడు ఇప్పుడే వద్దన్నా. మనిషి ఒళ్లు బిగుసుకున్నా, ఊపిరి బిగబట్టినా గుర్రం పసిగడ్తది, పక్కకు జరుగుతది. మెల్లగ ఊపిరి విడిస్తే తల దించుతది. తన ఒంట్ల ఏం జరుగుతుందో ఎవరూ చెప్పకుండనే పిల్లగాడికి తెలుస్తది. అసలు లాభం అదే.
ముక్కు కిందికి, తోక వెనకకు దానికి కనబడదు. మాట్లాడుకుంట ఎడమ భుజం దిక్కు నుంచి పోవాలె. మెడ, వీపు మీద రబ్బరు బ్రష్ గుండ్రంగ తిప్పాలె. మొహానికి, కాళ్లకు మెత్తటిదే. మొదట్ల 20 నిమిషాలు చాలు. డెక్కల అడుగు మట్టి గీకుడు తర్వాత సంగతి, అది కూడా మడమ నుంచి ముందటికే.

వనపర్తి నుంచి:
బరాత్ గుర్రమైతే పటాకులకు బెదురుతదా చూడుండ్రి. బెదిరేదైతే ఇద్దరి భయం పెరుగుతది. జీను పుండ్లు ఉంటే బ్రష్ తగలంగనే తంతది. ఎండకాలం పొద్దుగాల 8 లోపే పని కానియ్యాలె. లద్దెల ధనుర్వాతం క్రిములుంటయి, టీటీ సూది ముందే ఏయించుండ్రి.

నల్లగొండ నుంచి:
డాక్టరు వైద్యానికి ఇది తోడే, బదులు కాదు. పీడకలలుంటే టెలి-మానస్ (మనసు బాధలకు సర్కారు హెల్ప్‌లైన్) 14416కు ఫోన్ చేయొచ్చు, పైసలు పడవు. పిల్లగాడు ఉన్నట్టుండి మాట్లాడక బిర్రబిగుసుకుంటే పగ్గం పక్కనున్నోళ్లు అందుకోవాలె. చేతికి మాత్రం పగ్గం చుట్టుకోనియ్యొద్దు, గుర్రం ఉరికితే ఏళ్లు తెగుతయి.