బయానా ఇచ్చే ముందు చెదలు ఎట్ల చూసుకోవాలె?

ప్రశ్న: అందరికి నమస్తే. హన్మకొండల పదిహేనేండ్ల కింద కట్టిన స్లాబు ఇల్లు, 150 గజాలు, మాకు నచ్చింది. ఆదివారం బయానా ఇద్దామనుకున్నం. మొన్న చూడవోతే వెనక రూము దర్వాజకు ఒక పక్కనే కొత్త రంగు ఉన్నది. అమ్మ బొటనవేలితో నొక్కి "దీనికి చెద పట్టింది బిడ్డా" అన్నది. ఇంటాయనేమో ఎప్పుడో మందు కొట్టించిన అంటున్నడు. ఎట్ల తెల్సుకోవాలె?

జవాబు: అమ్మ మాట తీసెయ్యకు తమ్మీ. నేను కాజీపేటల ఇల్లు కొన్నప్పుడు కాగితాలు, బోరు, గోడలు అన్నీ చూసిన, దర్వాజలు చూడలే. వానకాలం రాంగనే గోడ అల్మారల పిల్లల పుస్తకాలు తీస్తే అట్టలే చేతికొచ్చినయ్, లోపలంత మట్టి.

బయానా ఆపి, ముందు ఒక వడ్లాయనను తోలుకొనిపో. టార్చి, స్క్రూడ్రైవర్ పట్టుకపో. కడప దగ్గర మొదలువెట్టి పిడితో కొట్టుకుంట దర్వాజ పైదాక రా. మంచి కట్టె గట్టిగ పలుకుతది, చెద తిన్నది డొల్లగ మోగుతది. అనుమానమున్న కాడ ఇంటాయనను అడిగి మొనతో నొక్కు, తిన్న కట్టెయితే రంగు పొర కింద మెత్తగ దిగిపోతది. బాత్రూం గోడకానుకున్న దర్వాజ, సింకు కింద, మెట్ల కింది సామాన్ల రూము మరువకు, తడి ఉన్నకాడ తొందరగ పడతది. టేకు అన్నరని ఊకోవద్దు. చేవ ఉన్న నడిమి కట్టె తట్టుకుంటది గని అంచుల తెల్ల కట్టెను చెద వదలదు.

పునాది మీద, గోడ మూలలకు పెన్సిలంత మందం మట్టి గీత పాకి ఉంటే అదే దాని దారి. రెండు వేళ్ల మేర విరగ్గొట్టి మూడు రోజులకు మల్ల చూడు. పూడ్చుకుంటే చెద బతికే ఉన్నట్టు. పూడ్చకున్నా పోయిందనుకోకు, దారి మార్చుకోవచ్చు. తొలకరికి లేచే ఉసిళ్ళు రెక్కలొచ్చిన చెదలే. ఇంట్ల కిటికీ కింద ఆ రెక్కలు కుప్పగ రాలి ఉంటే గట్టిగ అనుమానించాలె.

ప్రశ్న: ఉన్నట్టు తేలితే ఇల్లే వద్దనుకోవాల్నా అన్నా?

జవాబు: స్లాబు ఇల్లే కదా, అక్కర్లే. కాంక్రీటును, ఇనుమును అది తినదు. దర్వాజలు, అల్మార్లకయ్యే ఖర్చు ధరల తగ్గించమను. అదే మట్టిగోడల పెంకుటిల్లయితే దూలం గోడల కూసున్న చోటు చూడంది నేనైతే ఒప్పుకోను.

మందు కొట్టించిన అన్నడు కదా, బిల్లు, గ్యారంటీ కాగితం అడుగు. నేల గూడ చూడు. కట్టిన ఇంటికి ఐఎస్ 6313 (చెద మందు ఎట్ల కొట్టాల్నో చెప్పే భారత ప్రమాణం) మూడో భాగంల చెప్పినట్టు చేస్తే, గోడ నేల కలిసే కాడ 30 సెంటీమీటర్లకొకటి 12 మిల్లీమీటర్ల రంధ్రాలు కొట్టి, ఒక్కోదాంట్ల లీటరు దాక మందు నీళ్లు పోసి మూస్తరు. ఆ మూసిన చుక్కల వరుస ఎక్కడా లేకపోతే పైపైన పిచికారి చేసి పోయిన్రేమో అని అడగాలె. రేపు నువ్వు కొట్టించినా బావి, సంపు ఎక్కడున్నయో ముందే చూపించు, మందు నీళ్లల్ల కలవొద్దు.

ప్రశ్న అడిగినాయన: బయానా వచ్చే వారం చూస్తం. శనివారం వడ్లాయనతోని పోతున్న, అమ్మను గూడ తోలుకపోత.