జనగామలో దిగాల్సినదాన్ని ఆలేరు దాకా పోయాను. కథ చెప్పే మనిషే అబద్ధమాడితే అది తొండి కాదా?

కాజీపేట ప్యాసింజర్:
గిలియన్ ఫ్లిన్ నవల ‘గాన్ గర్ల్’ చదవనివాళ్లు ఇక్కడే ఆగిపోండి. ట్విస్టు చెప్పకుండా నా గోడు చెప్పడం కుదరదు.

రోజూ కాజీపేటలో బండెక్కి జనగామలో దిగుతాను. చదువుకోవడానికి నాకు మిగిలేది ఆ కాసేపే. హన్మకొండ చౌరస్తా దగ్గర పాత పుస్తకాల్లో దొరికింది, వెనక అట్ట కూడా లేదు. కథలో ఎమీ అనే ఆవిడ మాయమవుతుంది, అందరి అనుమానం మొగుడు నిక్ మీద. మధ్యమధ్యలో ఎమీ డైరీ వస్తుంటుంది, పోనుపోనూ మొగుడంటే భయమేస్తోందని అందులో రాసి ఉంటుంది. పోయిన వారం రఘునాథపల్లి దాటుతుంటే రెండో భాగం మొదలైంది. చచ్చిపోయిందని నేను ఖాయం చేసుకున్న ఎమీ హాయిగా కారు నడుపుకుంటూ పోతోంది! ఆ డైరీ అంతా తనే కల్పించి రాసిందట. నమ్మలేక వెనక్కి తిప్పి డైరీ పేజీలు వెతుక్కుంటూ కూర్చున్నా. తలెత్తేసరికి ఆలేరు. మళ్లీ బస్సు పట్టుకుని వెనక్కి వచ్చేసరికి సగం రోజు లీవు పోయింది.

లీవు పోతే పోయింది. ఆ డైరీ చదివి నేనెంత బాధపడ్డానో తెలుసా? మగవాళ్లంతా ఇంతేనని మా ఆయనతో రెండు రోజులు సరిగ్గా మాట్లాడలేదు. రచయిత్రి మనల్ని ఇట్లా మోసం చేయొచ్చా?

వడ్డేపల్లి కట్ట:
అక్కా, ముందు బావకు సారీ చెప్పు. ఆయనకు ఇప్పటికీ కారణం తెలిసి ఉండదు.

నాకైతే అట్లా మోసపోవడమే ఇష్టం. సగంలోనే కనిపెట్టేశాం అనేవాళ్లను చూస్తే జాలేస్తుంది, పుస్తకం డబ్బులు సగం దండగ కదా.

మంకమ్మతోట రిటైర్డ్ టీచర్:
తొండి కాదమ్మా. 1926లో అగాథా క్రిస్టీ ‘ది మర్డర్ ఆఫ్ రోజర్ ఆక్రాయిడ్’ అనే డిటెక్టివ్ నవల రాసినప్పుడు కూడా ఇదే పంచాయితీ నడిచింది, ఇది న్యాయమా అని. అందులో ఏం జరిగిందో చెప్పను, చదువుకో.

నిక్‌ను చూడు. పోలీసులకు చెప్పిన అబద్ధాలు తనే లెక్కపెట్టి మనకు చెప్తాడు, ఇది అయిదోది అని. ఇక మన కళ్లన్నీ అతని మీదే. అతన్ని కనిపెట్టే హడావుడిలో పక్కనున్న డైరీని ఎవరు తనిఖీ చేస్తారు? డైరీ అంటే ఎవరికీ చూపించనిది కదా, అందులో అబద్ధమెందుకు రాస్తారు అనుకుంటాం.

నేను బడిలో ఉన్నప్పుడు పిల్లలు హోంవర్కు నోట్సులో నాన్న సంతకం వాళ్లే పెట్టుకుని వచ్చేవాళ్లు. సంతకం బాగానే ఉండేది. కానీ సోమవారం నుంచి గురువారం దాకా నాలుగూ ఒకే ఇంకు, ఒకే వాలు. నిజం నాన్న ఒకరోజు నిద్రమత్తులో గీస్తాడు, ఒకరోజు పెన్ను దొరకక పెన్సిల్‌తో పెడతాడు. ఎమీ డైరీని ఆ కంటితో మళ్లీ చదువు. ప్రేమతో మొదలై, మెట్టు మెట్టుగా దిగి, సరిగ్గా భయం దగ్గర ఆగుతుంది. బతుకు అంత వరసగా దిగుతుందా?

కాజీపేట ప్యాసింజర్:
సార్, ఆదివారం మళ్లీ మొదటి నుంచి పట్టుకున్నా. మీ నాలుగు సంతకాలు కళ్ల ముందు ఆడుతూనే ఉన్నాయి.

ఇంకోటి గమనించాను. మొదట్లో ఇద్దరూ సంతోషంగా ఉన్నది నిజమేనని ఎమీయే తర్వాత ఒప్పుకుంటుంది. అంటే పాలలో నీళ్లు కలిపిందే గానీ ఉత్త నీళ్లు పోయలేదు. నేను పడిపోయింది అక్కడే. తొండి అనే మాట సగం వెనక్కి తీసుకుంటున్నా. మిగతా సగం ఉంచుకుంటా, లీవు పోయింది కదా.

రోజర్ ఆక్రాయిడ్ ఆర్డర్ పెట్టాను. ఎవరైనా ఇక్కడ నోరు జారితే ఊరుకోను.

వడ్డేపల్లి కట్ట:
అక్కా, అది మాత్రం బండిలో చదవకు.

కాజీపేట ప్యాసింజర్:
చదువుతా. రఘునాథపల్లికి అలారం పెట్టుకున్నా. బావకు సారీ కూడా అయిపోయింది, ఎందుకో ఆయనకు అర్థం కాలేదు.